మెట్ట నేలల్లో పంట కాలువ: మట్టి, రాయి, కాంక్రీటు, ప్లాస్టిక్

జలాశయం తూము దగ్గర వదిలిన నీరంతా పొలానికి చేరదు. పంజాబులోని ఎగువ బారీ దోవాబ్ కాలువ మీద ఇంజినీరు కెన్నెడీ వేసిన లెక్క ఇప్పటికీ నీటిపారుదల పాఠ్యపుస్తకాల్లో కనిపిస్తుంది. తలతూము దగ్గర 100 క్యూసెక్కులు వదిలితే పెద్ద కాలువల్లో 20, పంపిణీ కాలువల్లో 6, పొలాల మధ్య పిల్ల కాలువల్లో 21 పోయి, పైరుకు దక్కేది 53 మాత్రమే. ఇందులో ఎండకు ఆవిరయ్యేది కొద్దిగా. మిగతాదంతా కాలువ అడుగు నుంచి, పక్కల నుంచి నేలలోకి దిగిపోయే ఊట నష్టం. జలాశయం నిండటమే గగనమైన రాయలసీమలోనూ, పల్నాడు, ప్రకాశం, పాలమూరు మెట్టల్లోనూ శివారు పొలానికి తడి అందుతుందా లేదా అన్నది ఈ నష్టమే తేలుస్తుంది. కాలువను దేనితో కట్టాలి, లోపల దేనితో కప్పాలి అన్న ప్రశ్న అక్కడే మొదలవుతుంది.

నష్టం ఎంతో తెలియాలంటే చిన్న లెక్క చాలు. లైనింగ్ లేని మట్టి కాలువలో నీటికి తడిసే ప్రతి పది లక్షల చదరపు మీటర్లకు సెకనుకు 1.8 నుంచి 2.5 ఘనపు మీటర్లు ఇంకుతాయని, లైనింగ్ చేస్తే అది 0.6 ఘనపు మీటర్లకు తగ్గుతుందని మన దేశంలో కాలువలు రూపొందించేవారు లెక్కలోకి తీసుకుంటారు. అడుగు, రెండు పక్కలు కలిపి 20 మీటర్ల మేర తడిసే కాలువ 50 కిలోమీటర్లు సాగితే తడిసే వైశాల్యం సరిగ్గా పది లక్షల చదరపు మీటర్లు. సెకనుకు 2 ఘనపు మీటర్ల చొప్పున 150 రోజులు పారితే 0.9 టీఎంసీ నేలపాలవుతుంది. లైనింగ్ ఉంటే పోయేది 0.27 టీఎంసీ. మిగిలిన 0.6 టీఎంసీ పైచిలుకు నీరు, టీఎంసీకి పదివేల ఎకరాల ఆరుతడి అన్న వాడుక లెక్కలో, ఆరువేల ఎకరాల పంట. అయితే ఆ 0.6 అన్న అంకె లైనింగ్ చెక్కుచెదరకుండా ఉన్నంతకాలమే నిజం. పలకలు పగిలి, అతుకుల్లో గడ్డి మొలిచిన కాలువ మళ్ళీ మట్టి కాలువే. కాబట్టి ఏ సామగ్రి ఎంత ఊట ఆపుతుందన్నది సగం ప్రశ్నే. కింద ఉన్న నేల మీద అది ఎన్నేళ్ళు నిలుస్తుందన్నది మిగతా సగం. కాలువ అంచనాలు తయారయ్యేటప్పుడు ఎక్కువగా మరుగున పడేది ఈ రెండో సగమే.

రెండు రకాల నేల, రెండు రకాల కాలువ

ఈ తేడా చూడటానికి విజయవాడ చుట్టుపక్కల కంటే మంచి చోటు దొరకదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర బయలుదేరిన బందరు, రైవస్, ఏలూరు కాలువలు నగరం నడుమ నుంచే డెల్టాకు పోతాయి. 1852-55లో ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో చార్లెస్ ఓర్ కట్టిన ఆనకట్టతో ఈ కాలువల చరిత్ర మొదలైంది. ఆనకట్టకు రాయి ఇరువైపుల కొండల నుంచి వచ్చింది. కాలువలకు మాత్రం తవ్విన మన్నే గట్టయింది. నూటయాభై ఏళ్ళకు పైగా ఆ మట్టి కాలువలు లక్షల ఎకరాల వరికి నీరిచ్చాయి. డెల్టా నేల బంకమన్ను. దానిలో నుంచి నీరు జారడం కష్టం. పైగా పాతరోజుల్లో కృష్ణ వరద నీటితో వచ్చిన సన్నని ఒండ్రు కాలువ అడుగున పేరుకుని, ఉన్న సందులను తానే పూడ్చేది. నాగార్జునసాగర్, శ్రీశైలం కట్టిన తర్వాత ఒండ్రు చాలావరకు ఆ జలాశయాల్లోనే ఆగిపోతోంది. తేటనీరు గట్లను కోస్తుంది, అడుగును మూయదు. డెల్టా కాలువలకు గోడలు, రివెట్‌మెంట్లు అవసరం కావడం వెనుక ఉన్న కారణాల్లో ఇదొకటి.

అదే పాత కృష్ణా జిల్లాలో ఉత్తరంగా తిరువూరు, నూజివీడు వైపు పోతే నేల మారిపోతుంది. అక్కడికి నీరు తెచ్చేది సాగర్ ఎడమ కాలువ, అంటే లాల్‌బహదూర్ కాలువ. ఎర్రనేల, గరప, మొరం, అక్కడక్కడ మెత్తని రాయి: నీటిని ఇట్టే పీల్చే నేలలు. బందరు కాలువకు సరిపోయిన మట్టి గట్టు అక్కడ జల్లెడ అవుతుంది. ఒకే జిల్లాలో నేల మారితే కాలువ సామగ్రి మారాల్సి వచ్చినప్పుడు, శ్రీశైలం నుంచి చిత్తూరు దాకా పోయే ఒకే కాలువకు మొదటి నుంచి చివరి దాకా ఒకే మందం కాంక్రీటు రాసిపెట్టడం సమంజసం కాదు. మొత్తం కాలువకు కాదు, కిలోమీటరు కిలోమీటరుకు నేల చూసి సామగ్రి నిర్ణయించాలి.

మట్టి, సున్నం, రాయి

చవకైనది, పాతది, ఇప్పటికీ చులకన చేయకూడనిది మట్టి. దొరికిన మన్నును దొరికినట్టు పోస్తే అది గట్టు మాత్రమే అవుతుంది. తగిన తేమ పట్టించి, పొరలు పొరలుగా పరిచి, రోలరుతో గట్టిపరిస్తే అదే మన్ను లైనింగ్ అవుతుంది. కడప జిల్లా బద్వేలు దగ్గరి పోరుమామిళ్ళ చెరువు శాసనం 1369 నాటిది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించినది. మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలను, ఉండకూడని దోషాలను అది వరసగా చెబుతుంది. కట్ట నుంచి నీరు ఊటగా కారడం, చవుటి నేల, ఆ దోషాల్లో ఉన్నాయి. రెండేళ్ళ పాటు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు పనిచేశాయనీ అదే శాసనం చెబుతుంది. నేల పరీక్షే మొదటి పని అన్న తెలివి ఈ ప్రాంతానికి ఆరువందల యాభై ఏళ్ళ నాటిది.

మట్టి లైనింగ్ బలహీనతలు కూడా తెలిసినవే. కాలువలో నీరు ఆపిన నెలల్లో ఎండకు బీటలు వారుతుంది. పశువులు దిగే రేవుల దగ్గర అరిగిపోతుంది. ఎండ్రకాయలు, ఎలుకలు బొరియలు చేస్తాయి. నీటి వడి ఎక్కువైతే కొట్టుకుపోతుంది. ఏడాదికోసారి చేయి పడాల్సిందే. చేయి పడుతున్నంతకాలం దీనిలో లోటు లేదు.

సిమెంటుకు ముందు రాతి కట్టడాన్ని పట్టి ఉంచింది డంగు సున్నం. డెల్టాలోని పాత లాకులు, వంతెనలు, అక్విడక్టులు సిమెంటు రాని రోజుల కట్టడాలే. సున్నపు కాంక్రీటును మొత్తం కాలువకు లైనింగ్‌గా వాడిన ఘనత బికనీర్‌ది. 1927లో నీరు వదిలిన గంగ్ కెనాల్‌కు ఎడారి ఇసుకలో సున్నపు కాంక్రీటే పరిచారు. ఇసుకలో మట్టి కాలువ తవ్వితే నీరు పైరు దాకా రాదని మహారాజా గంగాసింగ్ ఇంజినీర్లకు తెలుసు. సున్నం మెల్లగా గట్టిపడుతుంది, కాస్త కదలికను ఓర్చుకుంటుంది. కానీ కాలువ పని పూర్తవ్వాల్సిన గడువుతో దానికి పొత్తు కుదరదు. కొత్త కాలువల్లో అది కనుమరుగైంది.

రాతి పలకల సంగతి వేరు. కడప బండలు, బేతంచెర్ల రాయి, పల్నాటి నాపరాళ్ళు, తాండూరు బండలు మన మెట్ట ప్రాంతాల కాళ్ళ కిందే పొరలు పొరలుగా ఉన్నాయి. రెండు అంగుళాల పలకను గచ్చు మీద పరిచి, అతుకులకు సిమెంటు పూస్తే పిల్ల కాలువలకు, చిన్న డిస్ట్రిబ్యూటరీలకు మంచి లైనింగ్. యంత్రం అక్కర్లేదు. పని ఊళ్ళోనే దొరుకుతుంది. పలక ఊడితే దాన్నే తిరిగి పెట్టుకోవచ్చు. లోపమంతా అతుకుల్లో ఉంది. పలకకు పలకకు మధ్య ఉన్న గీతలన్నీ కలిపి కిలోమీటర్ల పొడవుంటాయి, ఊట వాటి గుండానే పోతుంది. పంజాబు, రాజస్థాన్‌లలో ఇటుక పెంకులతో చేసిన లైనింగ్‌కూ ఇదే స్వభావం. రాయి దొరకని ఒండ్రు మైదానాల్లో ఇటుక పెంకు రాజ్యమేలింది. రాయలసీమలో దాని అవసరం ఎప్పుడూ రాలేదు.

రాయి విలువను ఈ మధ్య కాలంలో విజయవాడ కళ్ళారా చూసింది. 2024 సెప్టెంబరులో కొండపల్లి దగ్గర బుడమేరు మళ్ళింపు కాలువకు గండ్లు పడి నగరంలో సగం మునిగింది. గండి పూడ్చడానికి కాంక్రీటు పనికిరాదు, అది గట్టిపడే లోపు నీరు ఆగదు. పెద్ద బండలు, మొరం, వాటి వెంట సైన్యం తెచ్చిన గేబియన్లు, అంటే రాళ్ళు నింపిన ఇనుప తీగల బుట్టలు, వాటితోనే గట్టు నిలబెట్టారు. గేబియన్ వంగుతుంది, దిగుతుంది, కింద నేల కోతపడితే తానే సర్దుకుని కూర్చుంటుంది. వాగు కాలువను కలిసే చోట, మలుపుల దగ్గర, తూము దిగువన ముందే దీన్ని వాడుకోవడం మంచిది.

నల్లరేగడి మీద కాలువ

కాలువ ఇంజినీరును ఎక్కువ ఏడిపించేది నల్లరేగడి. నంద్యాల, కర్నూలు, కడప మైదానాల్లో కాలువలు ఈ నేల మీదుగానే పోతాయి. 19వ శతాబ్దిలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వి, 1882లో ప్రభుత్వం కొన్న కర్నూలు-కడప కాలువ, తర్వాతి కాలపు శ్రీశైలం కుడి బ్రాంచి కాలువ, తెలుగుగంగ, అన్నీ ఈ నేలను తొక్కుకుంటూ పోయినవే. ఈ మట్టిలోని మాంట్‌మోరిల్లనైట్ అనే ఖనిజం తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. వేసవిలో పొలంలో చెయ్యి దూరే బీటలు దానివే.

తడిసిన రేగడి పైకి తోసే ఒత్తిడి చదరపు మీటరుకు 5 టన్నులు సులభంగా దాటుతుంది. గట్టి రేగడిలో అది అనేక రెట్లు ఉంటుంది. దాని మీద పరిచే పది సెంటీమీటర్ల కాంక్రీటు పలక బరువు చదరపు మీటరుకు పావు టన్ను. ఈ పోటీలో పలక గెలిచే మాటే లేదు. మందం రెట్టింపు చేసినా అర టన్నే అవుతుంది. కాబట్టి రేగడి నేలలో కాంక్రీటు మందం పెంచడం డబ్బు పారబోసుకోవడమే.

దీనికి విరుగుడు బొంబాయి ఐఐటీలో ఆచార్య ఆర్.కె. కట్టి పరిశోధనల నుంచి వచ్చింది. రేగడిని కొంత లోతు తవ్వి తీసి, ఆ చోట బంక ఉండీ ఉబ్బని మన్నును పొరలుగా గట్టిపరిచి, దాని మీద లైనింగ్ వేయాలి. ఇంజినీర్ల వాడుకలో ఇది సీఎన్ఎస్ పొర. కర్ణాటకలో మలప్రభ కాలువల మీద ఈ పద్ధతి రుజువైంది. ఐ.ఎస్. 9451 ప్రమాణం దీన్నే నియమంగా చేసింది. పెద్ద కాలువల్లో ఉబ్బు ఒత్తిడిని బట్టి ఈ పొర ముప్పావు మీటరు నుంచి మీటరు దాకా ఉంటుంది. మామూలు ఎర్రమొరంలో తగినంత బంక ఉంటే అది చాలు. కానీ కిలోమీటరు కాలువకు వేల ఘనపు మీటర్ల మన్ను కావాలి. రేగడి మైదానంలో అది దగ్గర్లో దొరకదు. ఇరవై ముప్పై కిలోమీటర్ల నుంచి లారీల్లో రావాలి. అసలు ఖర్చు సిమెంటులో లేదు, ఈ మన్ను తోలకంలో ఉంది. తోలకం మిగుల్చుకోవాలని పొర పలచన చేసిన చోట రెండు మూడు పారుదలలకే పలకలు విల్లులా పైకి లేస్తాయి.

కాంక్రీటు: లెక్క, ఎండ, వెనుక నీరు

పేరుకు ఎన్ని ప్రత్యామ్నాయాలున్నా మన రాష్ట్రాల్లో కాలువ లైనింగ్ అంటే సిమెంటు కాంక్రీటే. సాగర్ కాలువల ఆధునికీకరణ మొదలుకొని పోలవరం కుడి కాలువ దాకా ఇదే కథ. కారణాలున్నాయి. నునుపైన కాంక్రీటు మీద నీరు వేగంగా పారుతుంది. మట్టి కాలువ గరుకుదనపు గుణకం 0.0225 దగ్గర ఉంటే కాంక్రీటుది 0.018 దగ్గర. నీటి వేగాన్ని సెకనుకు 2.7 మీటర్ల దాకా కాంక్రీటు తట్టుకుంటుందని ప్రమాణాలు ఒప్పుకుంటాయి, ఇటుక పెంకుకు 1.8 మాత్రమే. అంటే అంతే నీటిని చిన్న కాలువలో పంపవచ్చు, సేకరించాల్సిన భూమి తగ్గుతుంది. జగ్గయ్యపేట, మాచెర్ల సున్నపురాతి పట్టీలో సిమెంటు కర్మాగారాలు, ప్రతి కొండ దగ్గరా కంకర మిల్లులు ఉన్నాయి. నదిలో ఇసుక కరువైతే రోబో ఇసుక ఉంది. ఇబ్రహీంపట్నం దగ్గరి థర్మల్ కేంద్రం 1979 నుంచి బూడిద కుప్పలు పోస్తోంది. ఆ బూడిద కలిసిన పోజోలానా సిమెంటు మెల్లగా బలం పుంజుకుంటుంది, వేడి తక్కువ పుట్టిస్తుంది, నీరు చొరని గట్టిదనాన్ని ఇస్తుంది. చవుటి నేలల్లో సల్ఫేటు లవణాలు మామూలు సిమెంటును తినేస్తాయి. అక్కడ విశాఖ ఉక్కు కొలిమి చిట్టెం కలిసిన స్లాగ్ సిమెంటు గానీ బూడిద సిమెంటు గానీ వాడటం మేలు. కాలువ కాంక్రీటుకు భవనం స్లాబుకున్నంత బలం అక్కర్లేదు. సందు లేకుండా ఉండటం, ఎండకు పగలకుండా ఉండటం ముఖ్యం.

ఎండ దగ్గరే అసలు చిక్కు. పాత కాలువలకు లైనింగ్ చేయాలంటే నీరు ఆపాలి. నీరు ఆగేది రబీ తడులు ముగిశాక, ఏప్రిల్ నుంచి జూన్‌లో మళ్ళీ వదిలే దాకా. అంటే విజయవాడలో, కర్నూలులో ఎండ 45 డిగ్రీలకు పోయి, వడగాలి వీచే రోజుల్లోనే ఏడాది కాంక్రీటు పని అంతా జరగాలి. పచ్చి కాంక్రీటు పైనుంచి గంటకు చదరపు మీటరుకు ఒక కిలో నీరు ఆవిరైతే పైపొర బీటలు వారడం మొదలవుతుంది. మే నెల మధ్యాహ్నం గాలికి ఆ హద్దు దాటడం పెద్ద విషయం కాదు. పది సెంటీమీటర్ల పలచని పలక, ఏటవాలు గట్టు, కింద ఎండి దాహంతో ఉన్న మట్టి: పైనుంచి ఎండ, కింద నుంచి నేల రెండూ నీటిని లాగేస్తాయి. అందుకే కింద మట్టిని ముందురోజే తడపాలి, లేదా ప్లాస్టిక్ పొర పరచాలి. పోత రాత్రి, తెల్లవారుజామున సాగాలి. పోసిన గంటలోపే తడి గోనెసంచులు గానీ క్యూరింగ్ రసాయనం గానీ పడాలి. తర్వాత కనీసం రెండు వారాలు తడి ఆరకూడదు. కాలువలో నీరు లేని కాలంలో తడపడానికి నీరు ట్యాంకర్లలో తేవాలి. దానికి అంచనాలో ప్రత్యేకంగా డబ్బు చూపాలి. జూన్ గడువు ముంచుకొచ్చినప్పుడు మొదట కోతపడేది ఈ తడుపే. సిమెంటు పాలు ఎంత పెంచినా ఈ కోతకు పరిహారం కాదు. పేవర్ యంత్రాలు పోతను సమంగా, వేగంగా చేస్తాయి గాని ఎండను ఆపలేవు.

రెండో చిక్కు పలక వెనుక చేరే నీరు. వాన పడిన తర్వాతో, పక్క పొలాల్లో వరి ఉన్నప్పుడో నేలలో నీటిమట్టం పెరిగి ఉంటుంది. కాలువ నిండుగా ఉన్నంతసేపు లోపలి నీరు పలకను అదిమి పెడుతుంది. తలతూము ఒక్కసారిగా మూసేస్తే లోపలి నీరు తగ్గి, వెనుక నీరు అలాగే ఉండిపోతుంది. పది సెంటీమీటర్ల పలక చదరపు మీటరుకు 240 కిలోలు తూగుతుంది. పలక అడుగుకు పైన 24 సెంటీమీటర్ల ఎత్తు నీరు వెనుక నిలిస్తే అది తేలిపోవడానికి చాలు. జానెడు నీరన్నమాట. అందుకే పలక కింద కంకర, ఇసుక వరసలతో వడపోత పొర, ఒత్తిడి వదిలే కవాటాలు ఉండాలి. కాలువను మెల్లగా దించాలి. కృష్ణా డెల్టాలో భూగర్భ జలం చాలా పైన ఉంటుంది కనుక అక్కడి లైనింగ్‌కు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. గండి భయంతో హడావుడిగా నీరు ఆపిన రోజే లైనింగ్ కూలడం వెనుక ఉన్నదీ ఇదే.

రాయి తొలిచిన కాలువల్లో ఈ రెండు చిక్కులూ తక్కువ. గట్టి గ్రానైటు కోతలో లైనింగే అక్కర్లేదు, గరుకుదనం మాత్రం నీటి వేగాన్ని చంపుతుంది. పగుళ్ళున్న రాతిలో కాంక్రీటును గాలి ఒత్తిడితో చిమ్మే షాట్‌క్రీట్ సరైన సాధనం. ఫ్రేము అక్కర్లేదు, రాయి ఎగుడుదిగుళ్ళకు అంటుకుని పోతుంది.

ప్లాస్టిక్ పొరలు

ఊట ఆపడంలో కాంక్రీటు కంటే ప్లాస్టిక్ పొర నయం. అమెరికా బ్యూరో ఆఫ్ రిక్లమేషన్ వారు ఒరెగాన్ రాష్ట్రపు డెషూట్స్ నదీ ప్రాంతంలో 1991 నుంచి పదేళ్ళు రకరకాల లైనింగులు వేసి పరీక్షించారు. పగిలిన అగ్నిపర్వత శిల మీద పోయే కాలువలవి. వారికి తేలిందిది: ఒట్టి కాంక్రీటు ఊటను 70 శాతం దాకా ఆపుతుంది, 40 నుంచి 60 ఏళ్ళు ఉంటుంది. పైన కప్పు లేని జియోమెంబ్రేన్, అంటే ప్లాస్టిక్ పొర, 90 శాతం ఆపుతుంది గాని 10 నుంచి 25 ఏళ్ళకే చితికిపోతుంది. కింద జియోమెంబ్రేన్, పైన కాంక్రీటు కలిస్తే 95 శాతం ఆగుతుంది, ఆయువు కాంక్రీటుదే వస్తుంది. ప్లాస్టిక్‌కు ఎండ, గిట్టలు, వేర్లు శత్రువులు. కాంక్రీటుకు బీటలు శత్రువు. ఒకదాని లోపాన్ని మరొకటి కప్పుతుంది.

మన దేశంలో నల్లని ఎల్‌డీపీఈ ఫిల్మును కాంక్రీటు కిందో ఇటుక పెంకు కిందో వేయడం దశాబ్దాలుగా ఉంది. 250 మైక్రాన్ల ఫిల్ము కాలువ ఖర్చులో చిన్న వాటాయే. అయితే దాన్ని కంకర మొనలున్న నేల మీద ఈడ్చి పరిస్తే వేసిన రోజే చిల్లులు పడతాయి. కింద నేలను సన్న మన్నుతో నునుపు చేసి, ఒక షీటు మీద మరొకటి ఎక్కించి అతికించి, కూలీలు బూట్లు విప్పి తిరగాల్సిన పని అది. పైన మట్టి కప్పు మాత్రమే వేస్తే ఏటవాలు గట్టు మీద నున్నని ప్లాస్టిక్ నుంచి మన్ను జారిపోతుంది. అలాంటప్పుడు గట్టు వాలు మరింత పరవాలి, భూమి మరింత కావాలి. గేదెలు దిగే కాలువలో మట్టి కప్పుతో ప్లాస్టిక్ వేయడం వృథా.

తెలుగుగంగ అనుభవం

లైనింగ్ చేయకపోతే ఏమవుతుందో తెలుగుగంగ చూపింది. కృష్ణ నుంచి చెన్నైకి మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ చెరి 5 టీఎంసీలు ఇవ్వాలన్నది ఒప్పందం. ఆ 15 టీఎంసీల్లో 3 టీఎంసీలు దారిలో ఇంకేవి, ఆవిరయ్యేవి అని ముందే తీసేసి, చెన్నైకి చేరాల్సింది 12గా రాసుకున్నారు. 1996లో చెన్నైకి నీరిచ్చే పూండి జలాశయానికి మొదటిసారి నీరు చేరింది గానీ అనుకున్న మొత్తంలో అది కొద్దిపాటిదే. కండలేరు జలాశయం నుంచి పూండి దాకా ఉన్న కాలువ గట్లు కోతపడి, నీరు దారిలోనే పోతూ వచ్చింది. చివరకు 2002లో శ్రీ సత్యసాయి సంస్థ ముందుకొచ్చి ఆ భాగాన్ని వెడల్పు చేయించి లైనింగ్ వేయించింది. 2004 నాటికి పని పూర్తయింది. కాలువకు సాయిగంగ అన్న పేరు వచ్చింది. నీరు నమ్మకంగా చెన్నైకి చేరడం ఆ తర్వాతి సంగతి. ముందు మట్టితో కట్టి తర్వాత మళ్ళీ తవ్వి కాంక్రీటు వేయడం కంటే, నీటికి గిరాకీ ఉన్న పొడవైన కాలువకు మొదట్లోనే లైనింగ్ వేయడం చవక.

ఊట ఎవరిది?

ఇక్కడిదాకా ఊటను నష్టంగానే లెక్కించడం జరిగింది. ఆ లెక్క కాలువ దగ్గర సరైనది. కాలువ పక్క బావి దగ్గర కాదు. శ్రీశైలం వెనుక జలాల నుంచి 40 టీఎంసీలు ఎత్తి అనంతపురం, చిత్తూరు దాకా తీసుకుపోయే హంద్రీ-నీవా కాలువ రెండో దశకు లైనింగ్ పనులు వచ్చినప్పుడు అనంతపురం ప్రాంతపు రైతులు అడ్డుచెప్పారు. వారి వాదనలో పస ఉంది. కాలువకు ఇరువైపులా బోర్లకు నీరు వచ్చింది మట్టి కాలువ నుంచి దిగిన ఊట వల్లే. అక్కడ పంట కాలువ నీటి కంటే బోరు నీటి మీదే ఎక్కువ ఆధారపడి ఉంది. పైనున్న రైతు బోరు నిండితే చివరనున్న కుప్పానికి నీరు తగ్గుతుంది. లైనింగ్ చేస్తే చివరకు నీరు పోతుంది, దారిలో బోర్లు ఎండుతాయి.

ఇలాంటి తగవే అమెరికా, మెక్సికో దేశాల మధ్య వచ్చింది. ఆల్ అమెరికన్ కెనాల్‌లో 37 కిలోమీటర్ల మేర 2009 ప్రాంతంలో కాంక్రీటు కాలువ కట్టి ఏటా 67,700 ఎకర-అడుగులు, అంటే దాదాపు 3 టీఎంసీలు ఆదా చేశారు. సరిహద్దుకు అవతల మెక్సికాలి లోయలో బావులు నింపింది ఆ ఊటే. మెక్సికో రైతులు కోర్టుకు వెళ్ళినా ఫలితం లేకపోయింది.

కృష్ణా డెల్టా దిగువన, అవనిగడ్డ, మచిలీపట్నం వైపు, సమస్యకు మరో ముఖం ఉంది. సముద్రం దగ్గరి భూగర్భ జలం ఉప్పు. దాని మీద మంచినీటి పొర ఉండటానికి వర్షంతో పాటు కాలువల ఊట కారణం. చేతిపంపుల్లో తాగేది ఆ పొర నీరే. అక్కడ కాలువ గట్లను కోత నుంచి కాపాడే రాతి గోడ కావాలి గాని, అడుగంతా కాంక్రీటుతో మూయడం కూడదు. దీనికి భిన్నంగా, భూగర్భ జలమే చవుడై పనికిరాని చోట దిగిపోయిన నీరంతా నిజమైన నష్టం. కింద జలం మంచిదై, బోర్లతో తోడుకుంటున్న చోట నష్టంలో పెద్ద భాగం పొలానికే తిరిగి వస్తుంది, కరెంటు ఖర్చు మాత్రం అదనం. లైనింగ్‌కు ముందు కాలువ వెంట బావుల నీటిమట్టం, ఉప్పదనం కొలవడం అంచనా తయారీలో తప్పనిసరి కావాలి. మధ్యదారులున్నాయి. పక్కలకు లైనింగ్ చేసి అడుగు వదిలేయవచ్చు. బోర్లు ఎక్కువున్న పల్లెల దగ్గర కొంత మేర మట్టి కాలువనే ఉంచవచ్చు. లేదా మొత్తం లైనింగ్ చేసి, ఆదా అయిన నీటిలో కొంత తూముల ద్వారా ఊరి చెరువులకు వదలవచ్చు. ఈ చివరిదే మేలైనది. ఎంత నీరు ఎవరికి పోయిందో కొలిచి చెప్పవచ్చు. ఊట ఎవరి బోరుకు ఎంత చేరిందో కొలవడం ఎవరి వల్లా కాదు.

పిల్ల కాలువలు, పైపులు

కెన్నెడీ లెక్కలో పిల్ల కాలువల నష్టం 21, పెద్ద కాలువలది 20. అయినా డబ్బు, యంత్రాలు, శంకుస్థాపనలు అన్నీ పెద్ద కాలువ దగ్గరే ఉంటాయి. తూము దిగువన పొలాల మధ్య పారే బోదెలకు రెండు సెంటీమీటర్ల ఫెర్రోసిమెంటు పోత ముక్కలు, కడప బండలు, సగం కోసిన కాంక్రీటు గొట్టాలు చాలు. సాగునీటి సంఘాలు తమంత తాము వేసుకోగల పని ఇది. 1997లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ రైతుల నీటిపారుదల నిర్వహణ చట్టం ఆ సంఘాలకే ఈ బాధ్యత అప్పగించింది.

బోదె బదులు భూమిలో పాతిన పీవీసీ లేదా హెచ్‌డీపీఈ పైపు ఊటను, ఆవిరిని రెండింటినీ దాదాపు సున్నా చేస్తుంది, భూమి కూడా మిగులుతుంది. వాలు ఉన్న మెట్టలో నీరు తన బరువుతోనే పైపులో నిలిచి డ్రిప్పుకు కావాల్సిన ఒత్తిడి ఇవ్వగలదు. చీనీ తోటల అనంతపురానికి ఇది సరిపోయినంతగా వరి చేలకు సరిపోదు. డెల్టాలో వాలే లేదు. అక్కడ పొలం నుంచి పొలానికి నీరు పారించుకోవడమే పద్ధతి. కాలువ నీటిలోని పూడిక, నాచు, గుర్రపుడెక్క ముక్కలు పైపులకు అడ్డుపడతాయి. తూము దగ్గర జాలీ, పూడిక దిగే తొట్టి, చివర కడిగి వదిలే కవాటం లేకుండా పాతిన పైపు ఒక సీజనుకే మూసుకుపోతుంది. పైపుల కొలతలు ఒకసారి పాతాక మార్చలేం కాబట్టి, రేపు ఏ పంట వేస్తారో, ఎన్ని రోజులకు ఒక తడి ఇవ్వాలో సంఘం కూర్చుని ముందే తేల్చుకోవాలి. పైపు మందాన్ని, కవాటాల సంఖ్యను నిర్ణయించేది ఆ వంతుల పట్టికే.